గద్దరన్నను చంపింది తూటానా, గుండెజబ్బా? కాల్చిందెవరో ముందు చెప్పండి!

గద్దరన్న పోయి ఏళ్లు గడుస్తున్నా మా బోరబండ బస్తీల్లో ఒక వాదన ఆగడం లేదు. "తూటానే చంపింది" అని కొందరంటారు. "ఎప్పటి తూటా అది! గుండె ఆపరేషన్ తట్టుకోలేకపోయిండు" అని ఇంకొందరంటారు. అన్న ప్రాణం విడిచిన అమీర్‌పేట ఆస్పత్రి మాకు పెద్ద దూరం కాదు గనుక, కబుర్లు కూడా తొందరగానే వచ్చి చేరినయ్. వచ్చిన ప్రతి మాటనూ నమ్మాలా? ఆస్పత్రి చెప్పిందే వేదవాక్కా? రెండూ వద్దంటాం. తూకం వేసి చూద్దాం.

ముందు తెలిసిన సంగతులు. 1997 ఏప్రిల్ 6న అల్వాల్ వెంకటాపురంలో అన్న మీద కాల్పులు జరిగాయి. ఇది పోలీసుల పనేనని ఆయన ఆరోపించాడు. పోలీసులు కాదన్నారు. ఒంట్లో దిగిన తూటాల్లో ఒకదాన్ని, తీస్తే ప్రాణానికి ముప్పని, డాక్టర్లు వెన్నుపూస దగ్గరే వదిలేశారు. ఆ ఇనుప ముక్కను మోస్తూనే 26 ఏళ్లు ఆడాడు, పాడాడు. 2023 జూలై 20న గుండెజబ్బుతో అపోలో స్పెక్ట్రాలో చేరాడు. ఆగస్టు 3న బైపాస్ ఆపరేషన్ అయింది. ఆగస్టు 6న కన్నుమూశాడు.

ఆస్పత్రి ప్రకటన ఏమన్నది? ఆపరేషన్ నుంచి కోలుకున్నాడు గానీ, పాత ఊపిరితిత్తుల జబ్బు, మూత్ర సంబంధ జబ్బు ముదిరి, వయసు కూడా తోడై చనిపోయాడన్నది. వయసు 77 అని వేసింది. 1949లో పుట్టాడన్న లెక్కన 74 దాటవు. అంత పేరున్న మనిషి వయసు దగ్గరే కాగితానికి కాగితానికి పొత్తు కుదరలేదు. అట్లాగని ప్రకటనంతా అబద్ధం అనలేం. దగ్గరుండి వైద్యం చేసినవాళ్ల మాటకు విలువ ఉంటది. అయితే ఆ మాట ఎంతవరకు? ఒంట్లో ఏ భాగం పనిచేయకుండా పోయిందో చెప్పేవరకే. 1997లో తుపాకి పట్టిందెవరో చెప్పడం ఆస్పత్రి పని కాదు.

ఇక తూటా వాదన. పాతికేళ్లు ఒంట్లో ఉన్న తూటా మనిషిని కుంగదీసి ఉండొచ్చు. కానీ "ఉండొచ్చు" అనేది సాక్ష్యం కాదు. గాయానికీ చావుకూ ముడి ఉందా లేదా అన్నది ఎక్స్‌రేలూ, కేసు కాగితాలూ, పోస్టుమార్టం ముందు పెట్టుకుని డాక్టరు తేల్చాల్సిన విషయం. అన్న మీద మనకున్న ప్రేమ ఆ కాగితాల లోటు పూడ్చదు.

అట్ల తేల్చిన దాఖలా ఉంది. అమెరికా అధ్యక్షుడు రీగన్ మీద 1981 మార్చి 30న కాల్పులు జరిగినప్పుడు ఆయన పత్రికా కార్యదర్శి జేమ్స్ బ్రాడీ తలలో తూటా దిగింది. బ్రాడీ 33 ఏళ్లు బతికి 2014 ఆగస్టు 4న చనిపోయాడు. వర్జీనియా వైద్యాధికారి పరీక్షించి, ఇది ఆనాటి గాయం వల్ల జరిగిన హత్యే అని రాశాడు. శ్వేతభవనం మనిషికి ఒక వైద్యాధికారి 33 ఏళ్లు వెనక్కి చూశాడు. మాలమాదిగ పేటల్లో పుట్టిన మనిషికి ఎవరు చూస్తారు?

మన చట్టమూ గుడ్డిది కాదు. జబ్బుతో ఉన్న మనిషిని గాయపరిచి చావును ముందుకు తెచ్చినా చంపినట్టే లెక్క. మంచి వైద్యం అందితే బతికేవాడే అన్న సాకు కూడా గాయపరిచినవాణ్ణి కాపాడదు. ఇది పాత ఐపీసీ 299లో ఉంది, ఇప్పటి న్యాయ సంహిత 100లో ఉంది.

అసలు మాట ఇంకొకటుంది. "తూటానా, గుండెనా" అని మనం కొట్లాడుకుంటే లాభం ఎవరికి? కాల్చినవాడికి. గుండెజబ్బని తేలితే వాడు కడిగిన ముత్యమైపోయినట్టు మనమే ఒప్పుకుంటున్నాం. అట్ల కానే కాదు. హత్యాయత్నం రుజువు కావడానికి మనిషి చావనక్కర్లేదు. ఆ నేరానికి కాలదోషం కూడా లేదు. అన్న ఏ జబ్బుతో పోయినా, 1997 ఏప్రిల్ 6 నేరం నేరంగానే నిలబడి ఉంది. ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపిన సర్కారు, కాల్చినవాళ్లను మాత్రం బోనెక్కించి శిక్ష వేయించలేదు.

కాగితం సంగతి మేం ఊరికే ఎత్తడం లేదు. అన్న పోయిన ఆగస్టు 6 తేదీనే, 1991లో, చుండూరులో 8 మంది దళితుల్ని నరికి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. చనిపోయిన సమయం, స్థలం, చంపినవారి గుర్తింపు రుజువు కాలేదన్నది. శవాలున్నాయి, హంతకులు లేరు! మార్చురీలో శవాన్ని కోసే చేతులు చాలాచోట్ల మనోళ్లవే. రిపోర్టు రాసే కలం మనది కాదు.

అందుకే కార్యకర్తలకు చెబుతున్నాం. మనవాడు తూటా దెబ్బతో ఆస్పత్రిలో పడితే ధర్నా ఒకవైపు, కాగితం ఒకవైపు నడవాలి. మెడికో లీగల్ కేసుగా రాశారో లేదో చూడండి. మాట్లాడే స్థితిలో ఉంటే మేజిస్ట్రేటును పిలిపించి వాంగ్మూలం రాయించమని పట్టుబట్టండి. కేసు షీటు నకలు రాతపూర్వకంగా అడగండి. 72 గంటల్లో ఇవ్వాలని 2002 వైద్యమండలి నిబంధనలున్నాయి. పోలీసు కాల్పుల్లో పోతే, 2014 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం జిల్లా ఆస్పత్రిలో ఇద్దరు డాక్టర్లు పోస్టుమార్టం చేయాలి, వీడియో తీయాలి, మేజిస్ట్రేటు విచారణ జరగాలి. ఇవి కాకముందే శవాన్ని తగలబెట్టనీయొద్దు.

గద్దరన్న విగ్రహాలకు దండలు వేసే నాయకులను మేం ఒకటే అడుగుతున్నాం. 1997 కేసు ఫైలు ఎక్కడుంది? ఎవరిని విచారించారు? ఎందుకు ఆపారు? ప్రజల ముందు పెట్టండి. దండలు తర్వాత వేద్దురు గాని.