నేర్చిన చదువు లెక్కకెక్కాలి

ఇంటర్మీడియట్‌లో ఒకేషనల్ కోర్సు చదివిన విద్యార్థి డిగ్రీలో చేరినప్పుడు, అతడు రెండేళ్లలో నేర్చిన పనికి కళాశాల ఏ విలువ కడుతున్నదన్నది పాలకుర్తి, తొర్రూరు, భూపాలపల్లి వంటి కాకతీయ విశ్వవిద్యాలయ పరిధిలోని ప్రాంతాలకు ముఖ్యమైన ప్రశ్న. సేద్యంపైనో కూలిపైనో బతికే కుటుంబానికి పిల్లల చదువులో కలిసివచ్చే ప్రతి నెలా ఖర్చును తగ్గించి, సంపాదనను దగ్గర చేస్తుంది.

ఈ విలువను కొలిచే ప్రమాణమే క్రెడిట్. 2023లో వెలువడిన జాతీయ క్రెడిట్ చట్రం ప్రకారం 30 గంటల అధ్యయనం ఒక క్రెడిట్ కాగా, తరగతి బోధనతోపాటు ప్రయోగశాల పనిని, ఉద్యోగస్థలంలో పొందే శిక్షణను కూడా లెక్కలోకి తీసుకొని ఏడాదికి 1,200 గంటలను 40 క్రెడిట్లుగా నిర్ణయించారు. అయితే జమ అయిన క్రెడిట్‌ను పై కళాశాల చెల్లుబాటు చేసినప్పుడే అది విద్యార్థికి అక్కరకొస్తుంది.

ఒకేషనల్‌లో అకౌంటింగ్ అండ్ టాక్సేషన్ చదివినవారు చిట్టా రాయడం, దాని పద్దులను ఆవర్జాకు ఎక్కించడం, అంకణా తేల్చడం నేర్చుకుంటారు. బీకాం తొలి ఏడాది ఆర్థిక గణకశాస్త్రం కూడా ఆ మెట్ల నుంచే మొదలవుతుంది గనుక, వచ్చిన పాఠాన్నే వారు మళ్లీ వినవలసి వస్తుంది. మరోవైపు, సైన్సు, ఇంజినీరింగ్ చదువులకు వెళ్లదలచిన ఒకేషనల్ విద్యార్థులు బ్రిడ్జి కోర్సు పేరిట అదనపు పరీక్షలు రాయాలి. తక్కువైనదాన్ని పూరించమనే వ్యవస్థ, ఎక్కువ నేర్చినదాన్ని మినహాయించడానికి మాత్రం ముందుకు రాలేదు.

అలాంటి మినహాయింపు మనకు కొత్తేమీ కాదు. డిప్లొమా పూర్తిచేసినవారు ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరుతున్నారు. ఐటీఐ అభ్యర్థులకు ఎల్పీసెట్ ద్వారా పాలిటెక్నిక్‌లో అలాంటి వెసులుబాటే ఉంది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమైతే 1985 నుంచే హైస్కూలు విద్యార్థులను కళాశాల పాఠాలకు అనుమతించి, ఆ క్రెడిట్లను రెండు చదువులకూ లెక్కిస్తున్నది.

జూనియర్ కళాశాలలన్నిటా బోధన, పరికరాలు ఒకే తీరుగా ఉండవనే అభ్యంతరం సహేతుకమే. దానికి విరుగుడు మినహాయింపును నిరాకరించడం కాదు. మినహాయింపు కోరే విద్యార్థికి విశ్వవిద్యాలయమే నైపుణ్య పరీక్ష పెట్టి, నెగ్గినవారికి ఆ పేపరును తగ్గించడం. ఏ ఒకేషనల్ పేపరు ఏ డిగ్రీ పేపరుకు సమానమో తెలిపే పట్టికను ఇంటర్ బోర్డు, విశ్వవిద్యాలయం కలిసి ప్రకటించాలి. పోలిక స్పష్టంగా ఉన్న వాణిజ్యశాస్త్రంతో ఆ పని మొదలుపెట్టవచ్చు.