చికాగో చలి వదిలి డల్లాస్ ఎండకు: పెద్ద వయసులో ఇల్లు మారాలా?

జనవరి వచ్చిందంటే చికాగోలోని హైదరాబాదీ ఇళ్లలో ఒకే మాట మొదలవుతుంది. ఈ మంచు ఇక మా వల్ల కాదు, డల్లాస్ వెళ్లిపోదాం అని. 1970, 80లలో మలక్‌పేట, మెహదీపట్నం, పాతబస్తీల నుంచి చదువుకో, ఉద్యోగానికో వెళ్లి డెవాన్ అవెన్యూ చుట్టుపక్కల స్థిరపడ్డవాళ్లు ఇప్పుడు డెబ్బై దాటారు. ఇల్లు అప్పు తీరిపోయింది, పిల్లలు స్థిరపడ్డారు. ఇక మంచు ఎత్తిపోసుకుంటూ ఎందుకు బతకాలన్నది వాళ్ల ప్రశ్న. ఇక్కడ హైదరాబాద్‌లోనో, కర్నూలులోనో ఉన్న చెల్లెళ్లు, మరుదులు కూడా ఫోన్‌లో అదే సలహా ఇస్తారు.

ప్రశ్న న్యాయమైనదే. 2019 జనవరి 30న చికాగోలో ఉష్ణోగ్రత మైనస్ 30 డిగ్రీల సెల్సియస్ దాకా పడిపోయింది. హైదరాబాద్‌లో 12 డిగ్రీలకే మంకీ క్యాప్ తీసే మనవాళ్లకు అదెలా ఉంటుందో ఊహించుకోవచ్చు. అసలు ప్రమాదం మాత్రం అంత చలి రోజుల్లో కాదు, మామూలు రోజుల్లోనే ఉంది. మంచు కరిగి, రాత్రికి మళ్లీ గడ్డకట్టి, నేల మీద కంటికి కనపడని గాజుపొరలా ఉంటుంది. ఫజర్ నమాజుకు బయల్దేరిన పెద్దాయన గుమ్మం దగ్గరే జారిపడితే తుంటి ఎముక విరుగుతుంది. ఆ వయసులో తుంటి విరిగితే కొందరు మళ్లీ మునుపటిలా నడవలేరు. పార పట్టి మంచు ఎత్తేటప్పుడు గుండెపోటు రావడం కూడా అక్కడి డాక్టర్లు ఏటా హెచ్చరించే విషయమే.

కానీ వలసకు చెప్పే కారణాలన్నీ ఇంత గట్టివి కావు. వెచ్చని చోటుకు వెళితే మోకాళ్ల నొప్పులు తగ్గుతాయన్నది అందులో ఒకటి. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనం అమెరికాలో వృద్ధులు డాక్టర్ల దగ్గరకు వెళ్లిన కోటికి పైగా సందర్భాలను పరిశీలించింది. వాన పడ్డ రోజుల్లో కీళ్ల, నడుము నొప్పుల ఫిర్యాదులు పెరిగినట్టు కనపడలేదు. అది వాన గురించిన లెక్క, చలి గురించి కాదు. అయినా వాతావరణం మారితే నొప్పి పోతుందని ఇల్లు అమ్ముకునే ముందు ఒకసారి ఆలోచించడానికి అది చాలు. రంజాన్ సంగతీ అంతే. వేసవిలో ఉత్తరాన రోజా చాలా పొడవన్న మాట నిజం. ఇప్పుడు రంజాన్ చలికాలంలోకి జరిగింది. ఇంకో పదేళ్లకు పైగా చికాగోలోనే రోజా కాస్త పొట్టిగా ఉంటుంది!

ఇక ఎండ వైపు చూద్దాం. మేం మే నెల హైదరాబాద్ ఎండలు తిన్నవాళ్లమే, డల్లాస్ ఎండ ఏం చేస్తుంది అంటారు పెద్దలు. తిన్నది పాతికేళ్ల వయసులో. డెబ్బై దాటాక దాహం వేయడం తగ్గుతుంది, చెమట పట్టడం తగ్గుతుంది. బీపీకి, గుండెకు వాడే కొన్ని మాత్రలు ఒంట్లో నీటిని ఇంకా లాగేస్తాయి. రిటైరయినవాళ్లు ఇష్టపడి వెళ్లే అరిజోనాలోని ఫీనిక్స్ నగరంలో 2023 వేసవిలో వరుసగా 31 రోజులు 43 డిగ్రీలకు పైన నమోదైంది. ఆ నగరం ఉన్న మారికోపా కౌంటీలో ఆ ఏడాది వేడి వల్ల 645 మంది చనిపోయారని అధికారిక లెక్క.

పోనీ టెక్సస్ వెళితే చలి బెడద శాశ్వతంగా తప్పుతుందా అంటే, అదీ లేదు. 2021 ఫిబ్రవరిలో వచ్చిన మంచు తుపానుకు ఆ రాష్ట్ర కరెంటు వ్యవస్థే కుప్పకూలింది. లక్షలాది ఇళ్లు రోజుల తరబడి చీకట్లో, చలిలో ఉండిపోయాయి. అధికారికంగానే 246 మంది చనిపోయారు. చికాగో ఇల్లు చలిని తట్టుకునేలా కట్టిన ఇల్లు, టెక్సస్ ఇల్లు అలా కట్టింది కాదు. 2024 జూలైలో బెరిల్ తుపాను వచ్చినప్పుడు హ్యూస్టన్ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. అది నడి వేసవి. ఏసీ లేకుండా, ఆక్సిజన్ మిషన్ నడవకుండా రోజులు గడపాల్సి వస్తే ఏం చేయాలన్నది ఇల్లు చూడడానికి వెళ్లినప్పుడు ఎవరూ అడగరు.

డబ్బు లెక్క దగ్గర కూడా చాలామంది ఒక విషయం మరచిపోతున్నారు. టెక్సస్‌లో, ఫ్లోరిడాలో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి మిగులుతుందని అంటారు. ఇల్లినాయిస్‌లో ఆ పన్ను 4.95 శాతం. అయితే సోషల్ సెక్యూరిటీ, పెన్షన్, రిటైర్మెంట్ ఖాతాల నుంచి తీసుకునే డబ్బు మీద ఇల్లినాయిస్ ఆ పన్ను వేయదు. అంటే రిటైరయిన మనిషికి ఆదా అయ్యేది పెద్దగా ఏమీ ఉండకపోవచ్చు. టెక్సస్‌లో ఇంటి పన్ను తక్కువేం కాదు, 65 దాటినవారికి బడుల పన్ను పెరగకుండా ఆపే వెసులుబాటు ఉన్నా సరే. ఫ్లోరిడాలో తుపానుల పుణ్యమా అని ఇంటి బీమా ప్రీమియం భారీగా పెరిగింది.

వైద్యం సంగతి ఇంకాస్త చిక్కు. మామూలు మెడికేర్ ఉన్నవారికి రాష్ట్రం మారినా ఇబ్బంది లేదు, దాన్ని తీసుకునే డాక్టరు ఎక్కడైనా చూస్తాడు. ప్రైవేటు కంపెనీల ద్వారా మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్ తీసుకున్నవారికి ఆ ప్లాన్ సాధారణంగా ఆ ప్రాంతానికే పరిమితం. ఊరు మారితే గడువులోగా కొత్త ప్లాన్‌కు మారాలి. మెడికెయిడ్ మీద ఆధారపడ్డవారికి అసలు సమస్య. అది రాష్ట్రాలు నడిపే పథకం, రాష్ట్రం దాటితే మళ్లీ మొదటి నుంచి దరఖాస్తే. ఇల్లినాయిస్‌లో అర్హులైన 60 దాటినవారికి ఇంటికి సహాయకురాలు రావడం, పగటి సంరక్షణ కేంద్రానికి వెళ్లే ఏర్పాటు ఉన్నాయి. ఆ కేంద్రంలో నాలుగు ఉర్దూ మాటలు మాట్లాడుకుని వచ్చే పెద్దావిడకు, కొత్త రాష్ట్రంలో అలాంటిది ఎప్పుడు దొరుకుతుందో, దొరుకుతుందో లేదో.

వీటన్నిటికంటే పెద్దది కారు. డెవాన్ దగ్గర ఉన్నవారికి బస్సు ఉంది, హలాల్ మాంసం దుకాణం, మందుల షాపు, మస్జిద్ నడిచి వెళ్లేంత దూరంలో ఉంటాయి. డల్లాస్ శివార్లలోని ప్లేనో, ఇర్వింగ్, ఫ్రిస్కోల్లో మస్జిద్‌లూ ఉన్నాయి, హైదరాబాదీ బిర్యానీ హోటళ్లూ ఉన్నాయి. కాకపోతే దాదాపు ప్రతిదానికీ కారెక్కాల్సిందే. ఆ తరం ఆడవాళ్లలో డ్రైవింగ్ నేర్చుకోనివారు చాలామంది. నేర్చుకున్న మగవాళ్లకూ కంటి చూపు తగ్గి స్టీరింగ్ వదిలే రోజు వస్తుంది. ఆ రోజు నుంచి కొడుకు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఇంట్లోనే. చలికి భయపడి నాలుగు నెలలు గడప దాటని మనిషి, ఎండకూ దూరానికీ భయపడి ఏడాదంతా గడప దాటకుండా అయిపోతుంది.

ఇది ఎంత పెద్ద విషయమో చికాగో నగరమే ఒకసారి చూసింది, అదీ చలిలో కాదు, ఎండలో. 1995 జూలైలో వచ్చిన వడగాలులకు అక్కడ 739 మంది చనిపోయినట్టు అంచనా. వారిలో ఎక్కువమంది వృద్ధులు, ఎంతోమంది ఒంటరిగా ఉన్నవారు. సామాజికవేత్త ఎరిక్ క్లైనెన్‌బర్గ్ ఆ మరణాలను వీధి వీధికీ పరిశీలించి 2002లో ‘హీట్ వేవ్’ పుస్తకం రాశారు. పక్కపక్కనే ఉన్న, అంతే పేదవైన రెండు పేటల్లో మరణాల రేటు మధ్య చాలా తేడా ఉన్నట్టు ఆయన గమనించారు. దుకాణాలు, జన సంచారం ఉండి, పెద్దలు రోజూ బయటకు వచ్చే పేటలో చావులు తక్కువ. ఖాళీ అయిపోయి, తలుపులు వేసుకుని కూర్చున్న పేటలో ఎక్కువ. ఎండ రెండు పేటల మీదా ఒకేలా కాసింది. రెండు రోజులుగా కనపడలేదే అని తలుపు తట్టే మనిషి ఉన్నాడా లేదా అన్నదే తేడా.

అందుకే ఇల్లు మారే ముందు థర్మామీటరు కంటే ముందు లెక్కపెట్టాల్సింది ఆ తలుపు తట్టేవాళ్లను. అబ్బాయి ఉన్నాడుగా అంటారు. ఉన్నాడు, ఈ కంపెనీలో ఉన్నంత కాలం. ఐటీ ఉద్యోగాల్లో ఈ ఏడాది డల్లాస్, వచ్చే ఏడాది సియాటిల్ మామూలే. కొడుకు కోసం చికాగో ఇల్లు అమ్మి వెళ్లిన తల్లిదండ్రులు, కొడుకు వెళ్లిపోయాక ఎవరి కోసం అక్కడ ఉండాలి?

హైదరాబాద్ తిరిగి రావడం మూడో దారి. చలి లేదు, భాష ఉంది, పనిమనిషి దొరుకుతుంది, బంధువులు ఉన్నారు. ఉన్నారా అన్నది చూసుకోవాలి, ఎందుకంటే మేనల్లుళ్లు కూడా దుబాయ్, జెడ్డాల్లోనే ఉంటున్నారు. మెడికేర్ మామూలుగా ఇండియాలో ఖర్చు ఇవ్వదు. పార్ట్ బి మానేసి వచ్చి, తర్వాత మళ్లీ కావాలంటే మానేసిన ప్రతి పూర్తి ఏడాదికీ ప్రీమియం మీద 10 శాతం చొప్పున జరిమానా పడుతుంది. పేద వృద్ధులకు ఇచ్చే ఎస్‌ఎస్‌ఐ భత్యం అమెరికా బయట వరుసగా 30 రోజులు ఉంటే ఆగిపోతుంది. గ్రీన్ కార్డు మీద ఉన్నవారు ఏడాదికి మించి ఉండాలంటే ముందే రీ ఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి. డెబ్బై దాటాక ఇక్కడ కొత్తగా ఆరోగ్య బీమా తీసుకోవడం ఖరీదైన పని.

కొన్ని కుటుంబాలు అమ్మకుండానే పని నడుపుతున్నాయి. డిసెంబరు నుంచి మార్చి దాకా పిల్లల దగ్గరో, హైదరాబాద్‌లోనో ఉండి, మిగతా కాలం సొంత మొహల్లాలో. రెండు చోట్లా ఖర్చు, ప్రయాణ బడలిక ఉంటాయి, ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లే ఇది సాగుతుంది. పూర్తిగా మారాలనుకున్నవారు ఒక ఏడాది అద్దెకుండి చూడడం మేలు. చూసేది జనవరిలో కాదు, జూలై, ఆగస్టుల్లో చూడాలి. జనవరిలో చికాగో నుంచి వెళ్లినవారికి ఏ ఊరైనా జన్నత్‌లాగే కనిపిస్తుంది.

భార్యాభర్తలు ఇంట్లో ఎత్తడానికి జంకే మాట ఇంకొకటి ఉంది. ఇద్దరూ కలిసి వెళతారు, ఏదో ఒకనాడు ఒకరే మిగులుతారు. చాలా ఇళ్లలో మిగిలేది భార్య. నలభై ఏళ్లుగా తెలిసిన పొరుగువాళ్లు చికాగోలో, భర్త సమాధి డల్లాస్ ఖబరస్తాన్‌లో, కారు గరాజ్‌లో, నడపడం రాదు. ఇంటి కాగితాల మీద సంతకం పెట్టే ముందు, ఆమె ఎక్కడ ఉండాలనుకుంటోందో ఆమెనే అడగాలి, ఆయన ఎదుట కాకుండా విడిగా.