సొమ్ము జనానిది, సోకు సర్కారుది

ఏటా డిసెంబరు 7న బడిపిల్లలు, ఎన్‌సీసీ క్యాడెట్లు డబ్బాలు పట్టుకుని బజారుకు వస్తారు. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల బుల్లి కాగితపు జెండాను మన చొక్కా జేబుకు అంటించి డబ్బా ముందుకు చాపుతారు. కిరాణా కొట్టాయన గల్లాపెట్టెలోంచి పది నోటు తీసి వేస్తాడు. కూరగాయలమ్మే ఆవిడ కొంగుముడి విప్పుతుంది. ఎవరూ రసీదు అడగరు. సరిహద్దులో కాపలా కాసిన మనిషికి చేరుతుందన్న ఒక్క నమ్మకంతో ఇచ్చే డబ్బు అది. ఆ డబ్బును కేంద్ర ప్రభుత్వం ఇప్పుడు తన ఔదార్యం కింద చెప్పుకొంటోంది.

పింఛను లేని మాజీ సైనికులకు, వారి వితంతువులకు నెలనెలా ఇచ్చే సాయం 2025 నవంబరు 1 నుంచి రూ.4,000 నుంచి రూ.8,000కు పెరిగింది. పిల్లల చదువు సాయం, ఆడపిల్ల పెళ్లికిచ్చే సాయం కూడా రెట్టింపయ్యాయి. పెంపు జరగాల్సిందే, ఎప్పుడో జరగాల్సింది. మా అభ్యంతరం పెంపు మీద కాదు, దానికి తగిలించిన మాట మీద. మాజీ సైనికుల సేవను, త్యాగాన్ని గౌరవించాలన్న ప్రభుత్వ నిబద్ధతకు ఇది నిదర్శనమని రక్షణ శాఖ ప్రకటించుకుంది. ఏటా అయ్యే సుమారు రూ.257 కోట్ల ఖర్చును సాయుధ దళాల పతాక దినోత్సవ నిధి నుంచి భరిస్తామనీ అదే ప్రకటనలో చెప్పింది. ఖర్చు విరాళాల నిధిది అయినప్పుడు నిబద్ధత ప్రభుత్వానిది ఎలా అవుతుంది?

ఈ నిధి పుట్టుకే జనం చేతుల్లో జరిగింది. 1949 ఆగస్టులో రక్షణ మంత్రి బల్దేవ్ సింగ్ ఆధ్వర్యంలోని కమిటీ ఏటా డిసెంబరు 7ను పతాక దినంగా పాటించాలని నిర్ణయించింది. చిన్న జెండాలు పంచి విరాళాలు సేకరించడం ఆనాటి నుంచీ ఆనవాయితీ. విడివిడిగా ఉన్న సంక్షేమ నిధులన్నీ 1993లో దీనిలో కలిశాయి. విరాళాలు, పోగైన మూలనిధిపై వచ్చే వడ్డీ దీనికి ఆదరువు. నిధిని నడిపేది ప్రభుత్వ బోర్డు, లెక్కలు చూసేదీ ప్రభుత్వమే. అంతమాత్రాన ఆ డబ్బు ప్రభుత్వానిదై పోదు. గుడి హుండీ తాళం ఈవో దగ్గర ఉంటుంది. అన్నదానం ఈవో చేశాడని ఏ భక్తుడూ అనడు.

లెక్క కూడా చూద్దాం. 2025-26లో దేశ రక్షణ బడ్జెట్ రూ.6,81,210 కోట్లు. అందులో పింఛన్లకే రూ.1,60,795 కోట్లు. దీని పక్కన రూ.257 కోట్లు పెట్టి చూస్తే రక్షణకు ఖర్చయ్యే ప్రతి వంద రూపాయల్లో నాలుగు పైసలు కూడా కాదు. ఇంత పెద్ద పద్దులో ఆ నాలుగు పైసలకు చోటు దొరకలేదా? యుద్ధ విమానాలు కొనడానికి ఎవరూ డబ్బా పట్టుకుని బజారుకు రాలేదు, రాకూడదు కూడా. తుపాకి బడ్జెట్‌లోంచి వస్తుంది, దాన్ని మోసిన మనిషి ముసలితనానికి మాత్రం చందాలు వసూలు చేయాలి. నిబద్ధత అన్న మాట ఇక్కడే అబద్ధమవుతోంది.

ఆ నెలవారీ సాయం పేరేమిటో కూడా పాఠకులు తెలుసుకోవాలి. పెన్యూరీ గ్రాంటు. పెన్యూరీ అంటే కటిక దరిద్రం. ఏ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికైనా వెళ్లి కాసేపు కూర్చోండి. ప్లాస్టిక్ కవరులో చుట్టిన డిశ్చార్జి బుక్కు చంకలో పెట్టుకుని ఓ పెద్దాయన వస్తాడు. మడతల దగ్గర చిరిగిన పేజీలు, పాస్‌పోర్టు ఫొటోలో ఇరవై ఏళ్ల కుర్రాడు. అరవై అయిదేళ్లు దాటాయని, పింఛను లేదని, నికరమైన ఆదాయమంటూ ఏదీ లేదని ఆయన రుజువు చేసుకోవాలి. ఏడాదికోసారి బతికే ఉన్నానని కాగితం ఇవ్వాలి. ఒకప్పుడు దేశం కోసం చావడానికి సిద్ధమని సంతకం పెట్టిన చేత్తో, నేను దరిద్రుణ్నని సంతకం పెట్టాలి. దీన్ని గౌరవమని పిలవడానికి నోరెలా వచ్చింది?

పెంపుకు ముందు ఆయనకు దక్కింది నెలకు రూ.4,000. ఆంధ్రప్రదేశ్‌లో సేవతో నిమిత్తం లేకుండా అర్హులైన వృద్ధులందరికీ రాష్ట్రం ఇస్తున్న పింఛనూ అంతే. ఇప్పటి రూ.8,000ను రోజుకు లెక్కేస్తే సుమారు రూ.267. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉపాధి హామీ పనికి 2025-26లో ఖరారు చేసిన రోజు కూలి రూ.307. చెరువు మట్టి ఎత్తే మనిషికి చట్టం కట్టిన కనీస విలువ కన్నా ఇది రూ.40 తక్కువ. అది కూడా నిధిలో డబ్బుండి, బోర్డు సరేనంటేనే. ఇవ్వకపోతే కోర్టుకు వెళ్లి అడగగలిగే హక్కు ఆ పెద్దాయనకు లేదు. విరాళానికి, పింఛనుకు ఉన్న అసలు తేడా ఇదే.

ఈ తేడాను సుప్రీంకోర్టు నాలుగు దశాబ్దాల కిందటే విప్పి చెప్పింది. 1982 డిసెంబరు 17న డి.ఎస్.నకారా కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, పింఛను యజమాని దయతలచి ఇచ్చేది కాదనీ, గతంలో చేసిన సేవకు దక్కే హక్కనీ తేల్చింది. ఆ కేసు వేసినవారిలో సైన్యం నుంచి రిటైరైన ఒకరున్నారు, కామన్ కాజ్ అనే స్వచ్ఛంద సంస్థ ఉంది. స్వచ్ఛంద సేవ అంటే మేం కోరుకునేది ఇలాంటిది. రాజ్యం చేయాల్సిన పనిని తాను చేసి ఊరుకోకుండా, రాజ్యం చేత చేయించింది.

పదిహేనేళ్ల సర్వీసు నిండనివారికి నిబంధనల ప్రకారం పింఛను రాదని అధికారులు అంటారు. నిజమే. కానీ ఆ నిబంధన రాసిందెవరు? యుద్ధాల కాలంలో అవసరమై పిలిచి, అవసరం తీరాక పదిహేనేళ్లు నిండకముందే ఇంటికి పంపింది ఆ జవాను కాదు. పశ్చిమగోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం తరతరాలుగా కొడుకులను సైన్యానికి పంపింది. అలాంటి ఊళ్లు పదిహేనేళ్ల లెక్క అడిగి పంపలేదు.

ఒకే ర్యాంకు, ఒకే పింఛను తెచ్చింది తామేనని కేంద్రం గుర్తు చేస్తుంది. తెచ్చింది, దాని మేలు పింఛను ఉన్నవారికి అందింది. మనం మాట్లాడుతున్నది అసలు పింఛనే లేనివారి గురించి.

ఇలాంటివారి సంఖ్య తగ్గేది కాదు, పెరిగేదే. నాలుగేళ్ల కొలువుకే తీసుకునే అగ్నిపథ్ పథకంలో చేరిన తొలి అగ్నివీరుల గడువు 2026 చివరికి, 2027 మొదటికి ముగుస్తుంది. వారిలో కొనసాగేది గరిష్ఠంగా పాతిక శాతం. మిగిలినవారు దాదాపు రూ.11.71 లక్షల సేవానిధితో ఇంటికొస్తారు. అందులో సగం వారి జీతంలోంచి కోసి దాచిందే. పింఛను లేదు, మాజీ సైనికుడన్న హోదా కూడా లేదు. అంటే ముసలితనంలో ఈ పెన్యూరీ గ్రాంటుకు దరఖాస్తు పెట్టుకునే అర్హత సైతం నేటి నిబంధనల్లో వారికి ఉండదు. 2025 మేలో నియంత్రణ రేఖ దగ్గర ప్రాణమిచ్చిన శ్రీసత్యసాయి జిల్లా కల్లితండా యువకుడు అగ్నివీరుడే. ఆ పిల్లవాడి అంతిమయాత్ర దారి పొడవునా జనం పూలు చల్లారు. అతని తల్లిదండ్రులకు బీమా, పరిహారం ఉంటాయి గానీ మిగతా జవాన్ల ఇళ్లకు వచ్చే కుటుంబ పింఛను ఆ పథకంలో లేదు.

జనం ఇవ్వడం మానుకోవాలని మేం అనడం లేదు. ఇచ్చే చేయి గొప్పది. పుణె దగ్గర ఖడ్కీలో వెన్నుపూస దెబ్బతిని చక్రాల కుర్చీకే పరిమితమైన సైనికుల పునరావాస కేంద్రం ఉంది. వైకల్యం పాలైన సైనికులకు పనులు నేర్పే క్వీన్ మేరీ సాంకేతిక సంస్థ 1917లో మొదలైంది, ఇప్పుడు అక్కడే నడుస్తోంది. విరాళం డబ్బు అలాంటి చోటికి వెళ్లాలి. ఒక చక్రాల కుర్చీ, ఒక కుట్టు మిషను, సాయంత్రం పూట పక్కన కూర్చుని కబుర్లు చెప్పే మనిషి: ప్రభుత్వ జీవోలతో రానివి ఇవి. మన పట్టణాల్లో రిటైరైన సుబేదార్లు కొందరు జవాన్ల భార్యలకు రక్షణ పింఛన్ల స్పర్శ్ పోర్టల్‌లో పేర్లు సరిచేసి పెడుతున్నారు, పైసా తీసుకోకుండా. భర్త పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చి ఆగిన కుటుంబ పింఛను వారి ఓపిక వల్ల కదులుతుంది. వారి చెమటను, డబ్బాలో పడిన పది నోటును ప్రభుత్వం తన గొప్పగా ప్రకటించుకోవడం వారిని అవమానించడమే.

వచ్చే కేంద్ర బడ్జెట్‌లో రూ.257 కోట్లను రక్షణ పింఛన్ల పద్దులోకి తేవాలి. పెన్యూరీ గ్రాంటు పేరు తీసేసి, అరవై అయిదేళ్లు దాటిన ప్రతి పింఛను లేని సైనికుడికీ, ఆయన భార్యకూ కనీస సైనిక పింఛనుగా, హక్కుగా ఇవ్వాలి. ఉపాధి కూలి కన్నా అది తక్కువ ఉండకూడదు. నాలుగేళ్లకే ఇంటికొచ్చే అగ్నివీరులకు మాజీ సైనికుల హోదా ఇస్తారో లేదో పార్లమెంటులో చెప్పాలి, మొదటి బ్యాచ్ సంచి సర్దుకోకముందే.