పొత్తిగుడ్డల ప్రభువుకు కొత్తబట్టల పండుగా?

కొన్నేళ్ల క్రితం మాట. క్రిస్మస్ ఉదయం మందిరం నిండిపోయింది. బయట షామియానా కింద వేసిన కుర్చీలు కూడా చాలలేదు. ఏడాదంతా ఒక్క ఆదివారం తప్పకుండా వచ్చే ఒక కుటుంబం మాత్రం ఆ రోజు కనిపించలేదు. తండ్రి తాపీపని చేస్తాడు. తల్లి నాలుగిళ్లలో పనిచేస్తుంది. ఇద్దరు పిల్లలూ సండేస్కూలుకు వస్తారు. ఎవరికైనా జబ్బు చేసిందేమోనని సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. అందరూ బాగానే ఉన్నారు. పిల్లలిద్దరూ నన్ను చూసి లోపలికి తప్పుకున్నారు. “ఏమ్మా, ఆరాధనకు రాలేదేం?” అని అడిగాను. ఆ తల్లి తల దించుకుని, “పిల్లలకు బట్టలు కొనలేకపోయామండీ అయ్యగారూ. పాతబట్టలతో పండగపూట గుడికి ఎలా తీసుకొస్తామండీ? మీరే చెప్పారు కదండీ, అందరూ కొత్తబట్టలు కట్టుకుని రావాలని” అంది.

నిజమే. అంతకుముందు ఆదివారం ప్రకటనల సమయంలో ఆ మాట అన్నది నేనే. సంతోషం కొద్దీ అన్నాను, ఆలోచించి అనలేదు. కానీ ఆ ఒక్క మాట ఇద్దరు పిల్లలకు దేవుని మందిరం తలుపు మూసేసింది. ఆ రోజు నా ఒంటిమీద సంఘం పెట్టిన కొత్త సూటు ఉంది. ఆ ఇంట్లో కూర్చున్నంతసేపూ అది నన్ను గుచ్చుతూనే ఉంది.

మన సంఘాల్లో డిసెంబరు నెల ఎలా గడుస్తుందో అందరికీ తెలుసు. ఇంటిల్లిపాదికీ బట్టలు, పిల్లలకు బూట్లు, ఇంటికి రంగులు. చేతిలో డబ్బు ఉన్నవారు కొంటారు. లేనివారు వడ్డీకి తెచ్చి కొంటారు. క్రిస్మస్ ఒక్కరోజులో అయిపోతుంది, వాయిదాలు మాత్రం గుడ్‌ఫ్రైడే దాకా నడుస్తాయి. అప్పు చేయనివారు, కొనలేనివారు ఇంట్లో ఉండిపోతారు. ఏ బైబిలులో ఉంది ఈ నియమం? రక్షకుని పుట్టుకను కొత్తబట్ట లేకుండా ఆరాధించకూడదని ఏ ప్రవక్త చెప్పాడు?

లూకా రాసిన క్రిస్మస్ కథలో బట్టల ప్రస్తావన పొత్తిగుడ్డల గురించే వస్తుంది. మరియ తన శిశువును పొత్తిగుడ్డలతో చుట్టింది (లూకా 2:7). మూలభాషలోని మాటకు శిశువును గుడ్డలతో చుట్టడమని మాత్రమే అర్థం. అవి పాతవో కొత్తవో లూకా చెప్పలేదు, నేనూ కల్పించి చెప్పను. కానీ మన తెలుగు అనువాదకులు ఎంచుకున్న ‘పొత్తిగుడ్డలు’ అనే మాట విలువ మన అమ్మమ్మలకు బాగా తెలుసు. కాన్పు దగ్గరపడితే ఇంట్లో కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరలు, పంచెలు ఏరి, ఉతికి, ఎండబెట్టి, చింపి సిద్ధంగా ఉంచేవారు. కొత్తబట్ట పసికందు ఒంటికి గరుకని వారికి తెలుసు. తెలుగింట్లో పుట్టిన ప్రతి బిడ్డా మొదట కట్టుకునేది అమ్మ కట్టి విడిచిన చీరే. ఆ మాట చదివిన తెలుగు విశ్వాసి కళ్లముందు మెదిలేది బీరువాలోని పట్టుచీర కాదు, మెత్తటి పాతచీర ముక్క. పైగా యోసేపు మరియలు దేవాలయంలో అర్పించినది రెండు పక్షులను (లూకా 2:24). అది గొర్రెపిల్లను తేలేని పేదవారికి ధర్మశాస్త్రం ఇచ్చిన వెసులుబాటు (లేవీ 12:8).

అలా పుట్టిన ప్రభువు అలాగే జీవించాడు. బోధించడానికి ఎక్కిన దోనె సీమోనుది. యెరూషలేములో ప్రవేశించడానికి ఎక్కిన గాడిదపిల్ల ఎవరిదో. కడరాత్రి భోజనం చేసిన మేడగది ఇంకెవరిదో. చివరికి ఆయనను ఉంచిన సమాధి కొత్తదే కానీ, అది అరిమతయియ యోసేపుది. లోకాన్ని సృజించినవాడు ఒకరు వాడుకున్నదాన్ని తాను వాడుకోవడానికి నామోషీ పడలేదు.

అరణ్యంలో ఇశ్రాయేలీయుల సంగతి కూడా గమనించండి. ఉదయాన్నే కొత్తగా మన్నా కురిసింది. పూరేళ్లు వచ్చాయి. బండ నుంచి నీళ్లు వచ్చాయి. కానీ ఆకాశం నుంచి కొత్తబట్టలు ఎన్నడూ కురవలేదు. 40 ఏళ్లు వారి ఒంటిమీద ఉన్నవే పాతగిల్లకుండా దేవుడు కాపాడాడు (ద్వితీ 8:4). ఆహారం విషయంలో దేవుని అద్భుతం ఏ రోజుకా రోజు కొత్తది ఇవ్వడం. బట్టల విషయంలో ఆయన అద్భుతం ఉన్నదాన్ని నిలబెట్టడం. మనం మాత్రం దీన్ని తిరగేశాం. రాత్రి మిగిలిన అన్నం పొద్దున తింటాం గానీ, పోయిన ఏడాది చొక్కా ఈ ఏడాది పండక్కి వేసుకోం!

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని నాకు తెలుసు. అది న్యాయమైన అభ్యంతరం. “అయ్యగారూ, మా తాతలు కట్టినవన్నీ పాతబట్టలేనండీ. మళ్లీ మమ్మల్ని అక్కడికే పొమ్మంటారా?” అని ఒక పెద్దాయన నన్ను అడిగారు. మన సంఘాల్లో చాలామంది పూర్వీకులు పాలేర్లుగా, కూలీలుగా బతికినవారు. ఆసామి కట్టి విడిచిన పంచె, చొక్కా వారి చేతికి తగలకుండా పైనుంచి పడేసేవారు. వంగి ఏరుకోవలసి వచ్చేది. సువార్త విన్నాక, నాలుగక్షరాలు చదువుకున్నాక, కష్టపడి సంపాదించి క్రిస్మస్‌కు కొన్న మొదటి కొత్తబట్ట వారికి ఆడంబరం కాదు, ఆత్మగౌరవం. ‘మేమూ దేవుని బిడ్డలమే’ అని ఊరికి చెప్పిన సాక్ష్యం. ఆ కొత్తబట్టను ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు.

అయితే పాతబట్టలో అవమానం ఎక్కడుంది? బట్టలోనా, ఇచ్చే తీరులోనా? దీనికి జవాబు యిర్మీయా గ్రంథం 38వ అధ్యాయంలో దొరుకుతుంది. ప్రవక్తను బురదగోతిలో దించేశారు. రాజనగరులో పనిచేసే కూషీయుడైన ఎబెద్మెలెకు రాజు అనుమతి తీసుకుని, మనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. వచ్చేముందు ఖజానా కిందున్న గదిలోకి వెళ్లి పాత చింకిబట్టలు తెచ్చాడు. తాళ్లు ఒరుసుకుని ప్రవక్త చంకలు గాయపడకుండా వాటిని అడ్డం పెట్టుకొమ్మన్నాడు. తొందరపని, ప్రాణాపాయం ఉన్న పని. అయినా ఆ మనిషి ఎదుటివాడి ఒంటినొప్పి గురించి ఆలోచించాడు. ఇంకొక్క సంగతి కూడా చూడండి. ఆ పాతబట్టలను అతడు పైనుంచి విసిరేయలేదు. తాళ్లతో మెల్లగా కిందికి దించాడు (యిర్మీయా 38:11). ఆసామి పడేసింది పాతబట్టే, ఎబెద్మెలెకు దించిందీ పాతబట్టే. ఒకటి మనిషిని కిందికి వంచింది, ఇంకొకటి మనిషిని పైకి లేపింది.

ఈ తేడా తెలిసిన సేవకులు చరిత్రలో ఉన్నారు. 1902లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఎడ్గర్ హెల్మ్స్ అనే మెథడిస్టు పాదిరి ధనవంతుల ఇళ్ల నుంచి పాత బట్టలు, సామాన్లు సేకరించాడు. వాటిని పేదలకు ఊరికే పంచిపెట్టలేదు. పనిలేని పేదలకే వాటిని బాగుచేసే పని ఇచ్చి, జీతమిచ్చి, తక్కువ ధరకు అమ్మించాడు. కొన్నవాడు బిచ్చగాడు కాలేదు, కొనుగోలుదారుడయ్యాడు. ‘గుడ్‌విల్ ఇండస్ట్రీస్’ అలా మొదలైంది. మన దేశంలో 1999లో అన్షు గుప్తా ప్రారంభించిన ‘గూంజ్’ సంస్థ కూడా ఇదే దారిలో నడిచింది. గ్రామస్తులు తమ ఊరికి కావలసిన పనిని తామే చేసుకుంటే, ఆ శ్రమకు ప్రతిఫలంగా బట్టలు ఇస్తుంది. ఆయనకు 2015లో మెగసెసే పురస్కారం లభించింది.

మన సంఘాలు చేసేదేమిటి? మనకు కొత్తవి కొనుక్కుని, బీరువాలో చోటు చాలక తీసేసినవాటిని మూటకట్టి “పేదలకు ఇవ్వండి” అని పాస్టరు ఇంటికి పంపుతాం. గుండీలు ఊడినవి, జిప్పు పనిచేయనివి, చెమట మరకలు పోనివి కూడా ఆ మూటలో ఉంటాయి. అది దానం కాదు సోదరులారా, ఇల్లు ఖాళీ చేసుకోవడం. రెండు అంగీలున్నవాడు ఏమీ లేనివానికి ఒకటి ఇవ్వాలని బాప్తిస్మమిచ్చు యోహాను చెప్పాడు (లూకా 3:11). ఆ రెండింటిలో పాతదే ఇవ్వాలని ఆయన చెప్పలేదు.

కాబట్టి నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పాతది వాడవలసింది ముందు మనం, అంటే కొత్తది కొనగలిగినవాళ్లం. అలా మిగిలిన డబ్బుతో కొత్తది అందవలసింది కొనలేనివారికి. ఉన్నవాడు పాత చొక్కా తొడుక్కుంటే లేనివాడి పాత చొక్కాకు నామోషీ పోతుంది. పెద్దలు పాతచీరలో ముందు వరుసలో కూర్చుంటే, కూలిపని చేసే తల్లి వెనుక వరుసలో ముడుచుకుని కూర్చోనక్కరలేదు. మంచి బట్టల వానికి మంచి చోటు, మాసిన బట్టల వానికి కాళ్లదగ్గర చోటు చూపే సంఘాన్ని యాకోబు గద్దించాడు (యాకోబు 2:2-4). పక్షపాతం పోవడానికి దగ్గర దారి, బట్టలనుబట్టి ఎవరు ఎవరో తెలియకుండా చేయడమే.

పొదుపుకూ పిసినారితనానికీ తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది. జాన్ వెస్లీ ఒక ప్రసంగంలో ఆక్స్‌ఫర్డ్‌లోని ఒక మెథడిస్టు యువకుడి లెక్క చెప్పాడు. ఏడాదికి 30 పౌండ్లు వచ్చినప్పుడు 28తో బతికి 2 ఇచ్చేశాడు. రాబడి 60 అయినప్పుడు కూడా 28తోనే బతికి 32 ఇచ్చాడు. 90 అయినప్పుడు 62 ఇచ్చాడు. అది వెస్లీ సొంత లెక్కేనని చాలామంది భావిస్తారు. రాబడి మూడింతలైనా ఖర్చు పెరగలేదు, ఇవ్వడమే పెరిగింది. పాతవి కొని మిగిల్చిన డబ్బుతో స్థలాలు కొనుక్కుంటే అది పొదుపే కావచ్చు గానీ శిష్యత్వం కాదు. అత్తరు అమ్మి పేదలకు ఇవ్వవచ్చు కదా అన్న యూదా లెక్క ఎంత చక్కగా ఉందో, దాని వెనుక ఉద్దేశం ఏమిటో యోహాను రాశాడు (యోహాను 12:5-6).

చవకగా దొరికే కొత్తబట్టకు ఇంకొక ధర కూడా ఉంది. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్ రాజధాని ఢాకా దగ్గర రానా ప్లాజా అనే భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది రెడీమేడ్ బట్టలు కుట్టే పేద స్త్రీలు. గోడలు బీటలు వారాయని ముందురోజే తెలిసినా వారిని పనిలోకి రప్పించారు. పనివాళ్ల మొర సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవుల్లో పడుతుందని యాకోబు హెచ్చరించాడు (యాకోబు 5:4). ప్రతి చవక చొక్కా వెనుకా పాపం ఉందని నేను అనను. కానీ అవసరం లేకుండా కొనే ప్రతిసారీ, దీన్ని కుట్టిన చేతులు ఎవరివో అని ఒక్కసారి ఆలోచించడం విశ్వాసి బాధ్యత.

ఆ క్రిస్మస్ తరువాత మా సంఘంలో ఒక బల్ల పెట్టాం. అక్టోబరు నుంచి ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక దాని మీద బట్టలు, బూట్లు, స్కూలు బ్యాగులు, పుస్తకాలు ఉంటాయి. ఉతికి, ఇస్త్రీ చేసి, గుండీలు కుట్టినవే పెట్టాలి. నియమం ఒక్కటే: బల్ల మీద పెట్టేవారు బల్ల మీద నుంచి ఒకటి తీసుకోవాలి కూడా. మొదట సంఘ పెద్దలు, పాస్టరు కుటుంబం తీసుకోవాలి. “అయ్యగారూ, సంఘం పరువేం కావాలండీ?” అని ఒక పెద్ద గట్టిగానే అడిగారు. మొదటి రెండు వారాలు బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. మూడో వారం నా భార్య ఒక చీర తీసుకుని, ఆ తరువాతి ఆదివారం అదే కట్టుకుని వచ్చింది. దాన్ని ఇచ్చిన ఆవిడే దగ్గరికొచ్చి, “మీకే బాగుందండీ అమ్మగారూ” అంది. అక్కడితో మంచు కరిగింది. ఆ ఏడాది కొనకుండా మిగిలిన డబ్బును పెద్దలు కానుకగా ఇచ్చారు. దానితో కొత్తబట్ట కావాలన్న విధవరాండ్ర పిల్లలకు, వారికి నచ్చినవి వారే ఎంచుకునేలా కొన్నాం.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి. పాత బండి కొంటే కాగితాలు చూసుకుని పేరు మార్పించుకోండి. దొంగసొత్తు చవకగా వస్తోందని కొనడం ఎనిమిదో ఆజ్ఞను మీరడమే. హెల్మెట్ లాంటివి మాత్రం కొత్తవే కొనండి, ప్రాణం దగ్గర పొదుపు పనికిరాదు. పాతబట్టలకు స్టీలుగిన్నెలిచ్చే అమ్మ వీధిలోకి వస్తే గంటసేపు బేరమాడకండి, ఆమె కుటుంబం ఆ మూట మీదే బతుకుతోంది. చవకని చెప్పి ఇంటినిండా పాతసామాను పోగుచేయడం కూడా లోభమే. పెళ్లిలో ఒక్కరోజు కట్టిన తెల్లచీర, ఒక్కరోజు తొడిగిన సూటు బీరువాలో పసుపెక్కిపోకుండా, సంఘంలో ఇంకొక పెళ్లికి ఇవ్వండి.

తప్పిపోయి తిరిగివచ్చిన కుమారుని ఉపమానం మనందరికీ తెలుసు. చింకిబట్టలతో వచ్చిన కొడుకును చూసి తండ్రి ప్రశస్తమైన వస్త్రం తెచ్చి కట్టమన్నాడు (లూకా 15:22). దానికోసం పనివాళ్లను బజారుకు పంపలేదు. ఇంట్లో ఉన్నదే తెప్పించాడు. ఉన్నవాటిలో మంచిదే తెప్పించాడు. దేవుడు మనకు నీతి అనే వస్త్రాన్ని తొడిగిన తీరు కూడా అదే. అది మనం కొన్నది కాదు, కుట్టించుకున్నదీ కాదు. క్రీస్తుది మనకు ఇవ్వబడింది. వేరొకరి వస్త్రంతోనే పరలోకంలో నిలబడబోయే మనకు, సహోదరుని చొక్కా తొడుక్కోవడం నామోషీ ఎలా అవుతుంది?

బల్ల పెట్టిన ఏడాది క్రిస్మస్ ఉదయం ఆ తాపీమేస్త్రి కుటుంబం నలుగురూ మూడో వరుసలో కూర్చున్నారు. వాళ్ల ఒంటిమీద ఉన్నవి కొత్తవో పాతవో నేను చూడలేదు. ఈసారి పండుగ ప్రకటనల్లో మీ సంఘకాపరి ఏమి చెప్పినా, మీరు మాత్రం పక్కింటివారికి ఈ మాట చెప్పండి: “ఉన్న బట్టలతోనే రండి, మేమూ అలాగే వస్తున్నాం.”