వణికే జీపు

ఒంట్లో కొత్త బాధ ఏది వచ్చినా మనం ముందుగా అనుమానించేది ఆఖరున మందిచ్చిన వైద్యుణ్ణి. బండ్ల సంగతీ అంతేనని మొన్న తెలిసింది.

మా మేనల్లుడికి పాత జీపు ఒకటి ఉంది. సరదాపడి, కమాను కట్టలు మార్పించి దాన్ని 4 అంగుళాలు ఎత్తు చేయించాడు. అడుగుభాగం రాళ్లకు తగలదట! మా మంగళగిరి కొండమీదికి చక్కని రోడ్డే ఉంది. వీడికి ఇంకే కొండలెక్కాలని ఉందో!

అప్పటినుంచి వేగం 60 కిలోమీటర్లు దాటితే చాలు, జీపు గజగజ వణికేది. "నా నడుము నీ జీపుకి బలి ఇవ్వలేనురా, బస్సులో పోతాను" అంది మా అక్కయ్య. వాడు మాత్రం తప్పంతా ప్రొపెల్లర్ షాఫ్టుకి కొత్త క్రాసులు వేసిన మేస్త్రీదే అన్నాడు. కూలి డబ్బులు ఆపి, తగవు తీర్చమని నన్ను పిలిచాడు.

మేస్త్రీ వాదించలేదు. "ఒక్కసారి రోడ్డుమీదికి రండి బాబూ" అన్నాడు. 60లో పోతుండగా గేరు తీసేశాడు. ఇంజను నెమ్మదించినా వణుకు పోలేదు. "ఇంజను కాదు" అన్నాడు. చక్రాలు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చాడు. వణుకు మారలేదు. చివరికి వెనక షాఫ్టు ఊడదీసి, ముందు చక్రాల బలంతోనే నడిపాడు. జీపు పసిపాపలా నిద్రపోయినట్టు సాగింది!

తరువాత చేతిలో చెయ్యి వేసి తిప్పినట్టు వివరించాడు. వంగి తిరిగే కీలు ఒక పక్క సమంగా తిరిగినా, రెండో పక్క ప్రతి చుట్టులోనూ రెండుసార్లు వేగం హెచ్చి, రెండుసార్లు తగ్గుతుంది. 17వ శతాబ్దంలోనే ఇంగ్లండులో రాబర్టు హుక్ గమనించిన సంగతి ఇది. షాఫ్టుకి రెండో కొసన అంతే కోణంలో వంగిన ఇంకో కీలు ఉంటే, ఒకదాని తప్పును మరొకటి దిద్దుతుంది. కోణాలు వేరైతే దిద్దేవాడు లేడు. వియ్యంకులిద్దరూ సమంగా వంగితేనే పెళ్లి సాఫీగా జరుగుతుంది కదా!

కొలిస్తే ముందు కీలు 12 డిగ్రీలు, వెనకది 7. క్రాసులు నిక్షేపంగా ఉన్నాయి. తప్పు ఎత్తుది.

ఎత్తు 2 అంగుళాలకు దించి, వెనక ఇరుసుకీ కమానుకీ మధ్య ఏటవాలు ఉక్కు ముక్కలు పెట్టి, రెండు కోణాలూ 8కి తెచ్చాడు. వణుకు మాయమైంది.

మా పానకాలస్వామి పోసిన పానకంలో సగం పుచ్చుకుని సగం తిరిగి ఇచ్చేస్తాడని ప్రతీతి. మావాడూ 4 అంగుళాల్లో సగం తిరిగిచ్చాడు. మేస్త్రీ కూలి మాత్రం పూర్తిగా ఇప్పించాను. ఇస్తూ వాడు తల వంచుకున్నాడు. ఎన్ని డిగ్రీలో నేను కొలవలేదు.

అక్కయ్య ఇప్పుడు జీపులోనే వెడుతోంది. ఎక్కడానికి పీట కావాలంటుంది, అంతే.