క్లౌడ్ నియమాలు: అభిప్రాయాలు అడిగితే చాలదు, చూపించాలి

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రం. ఇక్కడి రైల్వే కాలనీల్లో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. ఒకప్పుడు పాస్ కావాలంటే ఉద్యోగి ఆఫీసుకు వెళ్లి కాగితం రాసివ్వాల్సి వచ్చేది. 2020 నుంచి రైల్వే సమాచార సంస్థ క్రిస్ తయారుచేసిన హెచ్‌ఆర్‌ఎంఎస్‌తో ఆ పని ఫోన్‌లోనే అయిపోతోంది. సౌకర్యం నిజమే. అయితే అర్హతను లెక్కగట్టే ప్రోగ్రాం ఫోన్‌లో ఉండదు. ఎక్కడో సర్వర్‌లో నడుస్తుంది.

సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛకు చిక్కు ఇక్కడే. ప్రోగ్రాంను నడపడం, చదివి మార్చడం, పంచుకోవడం, మార్చినదాన్ని పంచడం అనే నాలుగు స్వేచ్ఛలు ప్రోగ్రాం మన చేతికి వచ్చినప్పుడే పనికొస్తాయి. క్లౌడ్‌లో అది చేతికే రాదు. 2007లో వచ్చిన ఏజీపీఎల్ లైసెన్సు ఈ లోటును కొంత పూడ్చింది: మార్చిన ప్రోగ్రాంను నెట్‌వర్క్ ద్వారా వాడేవారికీ సోర్స్ కోడ్ అందుబాటులో ఉంచాలంటుంది. కానీ కోడ్ దొరికినా డేటా బయటికి రాకపోతే వాడుకరి అక్కడే చిక్కుకుంటాడు. అందుకే నియమాలు కావాలి.

ట్రాయ్ 2016 జూన్‌లోనే క్లౌడ్‌పై సంప్రదింపు పత్రం విడుదల చేసి, ఒక సంస్థ నుంచి మరోదానికి డేటా తరలింపు గురించీ అడిగింది. 2017, 2020 సిఫార్సుల్లో మాత్రం పరిశ్రమ సంఘాల ద్వారా తేలికపాటి నియంత్రణ చాలంది. ఐరోపా సమాఖ్య మరో దారి పట్టింది. 2025 సెప్టెంబరు 12 నుంచి అమల్లోకి వచ్చిన డేటా చట్టం ప్రకారం, 2027 జనవరి 12 నుంచి క్లౌడ్ మారే ఖాతాదారు నుంచి మార్పు రుసుము వసూలు చేయకూడదు.

ఏ దారి మేలో తేల్చాల్సింది బహిరంగ చర్చే. ట్రాయ్ తనకందిన అభిప్రాయాలను, వాటిపై ప్రతివాదాలను ప్రచురిస్తుంది. 2025 జనవరిలో వ్యక్తిగత డేటా రక్షణ ముసాయిదా నియమాలపై అభిప్రాయాలు కోరిన కేంద్ర ఐటీ శాఖ మాత్రం వాటిని వెల్లడించబోమంది. జనం స్వేచ్ఛగా చెప్పడానికే ఈ ఏర్పాటు అన్నది దాని వాదన. వ్యక్తుల పేర్లు తీసేసినా ఆ రక్షణ దక్కుతుంది. పెద్ద కంపెనీ ఏం కోరిందో, అందులో ఎంత నియమంగా మారిందో తెలియకపోతే సామాన్యుడి ఉత్తరానికి విలువేముంది?

క్లౌడ్ నియమాల్లో ట్రాయ్ పద్ధతే అన్ని శాఖలకూ ప్రమాణం కావాలి. ముసాయిదా సారాంశం తెలుగు, హిందీ వంటి భాషల్లో రావాలి. ‘నా సర్వీసు రికార్డు నేను చదవగలిగే రూపంలో నా చేతికిస్తారా?’ అని అడగడానికి బిలాస్‌పూర్ గ్యాంగ్‌మన్‌కు ఇంగ్లిష్ రావాల్సిన పని లేదు.