నడిచే వాళ్ళూ లెక్కలోకి రావాలి

ఊరు పెరుగుతోందనడానికి ఈ రోజుల్లో మొదటి గుర్తు పెట్రోలు బంకు. మార్కాపురం, గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం... ఏ ఊరి పొలిమేర చూసినా ఇదే తీరు. నిన్నటిదాకా కంపచెట్లు పెరిగిన జాగాలో మట్టి తోలి చదును చేస్తారు. ‘బంకు వస్తుందట’ అని మగవాళ్ళు చుట్టుపక్కల స్థలాల రేట్లు మాట్లాడుకుంటారు. ఆ జాగా ముందు నుంచే రోజూ బడికీ, గుడికీ, బస్సుకీ నడిచే మనం మాత్రం మనకు పట్టని విషయమన్నట్టు ఊరుకుంటాం. నిజానికి అందరికన్నా ఎక్కువ పట్టాల్సింది మనకే.

బంకు వద్దని ఎవరూ అనరు. ట్రాక్టరుకి డీజిలు కావాలి, మన స్కూటీకి పెట్రోలు కావాలి. దూర ప్రయాణంలో ఆడవాళ్ళు మరుగుదొడ్డి కోసం వెతుక్కునేది కూడా బంకునే. కాబట్టి బంకు కావాలా వద్దా అన్నది కాదు మన ప్రశ్న. ఎక్కడ పెడుతున్నారు, దాని ముందు నడిచే మనిషికి దారి వదులుతున్నారా లేదా అన్నదే.

బంకు ముందర ఏం జరుగుతుందో ఒకసారి నిలబడి చూడండి. మామూలు దుకాణాల ముందైతే రోడ్డంచు పట్టుకుని నడిచిపోవచ్చు. బంకు దగ్గర ఆ అంచే మిగలదు. రెండు పక్కలా వెడల్పాటి దారులు తెరుచుకుని ఉంటాయి. లోపలికి తిరిగే బండి వేగం తగ్గించదు. బయటికి వచ్చే బండివాడు కుడివైపు నుంచి లారీ ఏమైనా వస్తోందా అని చూస్తాడే గానీ, ఎడమ పక్క నుంచి నడిచి వస్తున్న తల్లినీ బిడ్డనీ చూడడు. డివైడరు చుట్టూ తిరిగి రావడానికి బద్ధకించి ఎదురుదారిన వచ్చే మోటారు సైకిళ్ళు సరేసరి. ఇక ట్యాంకరు వచ్చి మలుపు తిరిగే వేళ నడిచేవాళ్ళు నడిరోడ్డు మీదికి దిగాల్సిందే.

మన పశ్చిమ ప్రకాశం ఊళ్ళలో ఈ బెడద ఇంకా ఎక్కువ. అనంతపురం నుంచి గిద్దలూరు, కంభం మీదుగా గుంటూరు వెళ్ళే 544డి జాతీయ రహదారి మీద లారీలకు లెక్క లేదు. రోడ్డుకి ఇటు ఇల్లు, అటు బడి. పలకల పనికి వెళ్ళే కూలి ఆడవాళ్ళు, నీళ్ళ క్యాను చంకన పెట్టుకుని వచ్చే ఇల్లాళ్ళు, చెన్నకేశవస్వామి గుడికి వెళ్ళే పెద్దవాళ్ళు... నడిచేవాళ్ళే ఎక్కువ మంది. మార్కాపురం జిల్లా కావాలన్న ఎన్నాళ్ళ కోరిక 2025లో ప్రభుత్వ నిర్ణయమయింది. సంతోషమే. ఆఫీసులతో పాటు బండ్లూ పెరుగుతాయి, బంకులూ పెరుగుతాయి. జాగ్రత్త పడాల్సింది ఇప్పుడే.

కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 32,825 మంది పాదచారులు. అంటే దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరు, బండెక్కని మనిషి!

మరి నిబంధనలు లేవా? ఉన్నాయి. కొత్త బంకు బడికీ, పది పడకలకు తగ్గని ఆసుపత్రికీ, నివాస ప్రాంతానికీ 50 మీటర్ల దూరంలో ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో చెప్పింది. వీలుకాని చోట అదనపు జాగ్రత్తలు తీసుకున్నా 30 మీటర్లకు తగ్గకూడదంది. మంచిదే. అయితే ఇది పెట్రోలు ఆవిరి నుంచీ, మంటల నుంచీ కాపాడే దూరం. బడికి వంద మీటర్ల అవతల బంకు పెట్టినా, పిల్లలు దాని ముందు నుంచే నడవాలి కదా! ఆ పిల్లల్ని కాపాడేది టేపు పెట్టి కొలిచే దూరం కాదు, కాలు పెట్టడానికి వదిలే దారి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇళ్ళున్న చోట ఫుట్‌పాత్ కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలంటుంది. ఫుట్‌పాత్ మీద సురక్షితంగా నడవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని 2025 మే నెలలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

బంకుకి నిరభ్యంతర పత్రం ఇచ్చేది జిల్లా అధికారి. 2002 పెట్రోలియం నిబంధనల ప్రకారం ఆ విచారణ మూడు నెలల్లోగా ముగించాలి. మనం నోరు విప్పాల్సిన కాలం అదే. కాంక్రీటు పోశాక ఏడిస్తే ఏం లాభం? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

మనం చేయగలిగింది పెద్ద పనేం కాదు. మన వీధిలో బంకు వస్తుందని తెలిస్తే నలుగురు ఆడవాళ్ళు కలవండి. బడి వేళ ఒక గంట, సాయంత్రం ఒక గంట అక్కడ నిలబడి ఎంతమంది నడుస్తున్నారో రాసుకోండి. పిల్లలెందరు, ముసలివాళ్ళెందరు, బరువుతో వెళ్ళేవాళ్ళెందరు అని విడివిడిగా రాయండి. ఆ కాగితానికి అర్జీ జతచేసి, సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. రసీదు అడిగి తీసుకోండి. బంకు ప్లాను కాపీ కావాలంటే సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది. పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టొచ్చు.

అడగాల్సినవి నాలుగే: బంకు ముందు తెగిపోకుండా సాగే ఫుట్‌పాత్, లోపలికీ బయటికీ వేరువేరు దారులు, బండ్లు నెమ్మదించేలా ఆ దారుల దగ్గర మిట్టలు, బడి వేళల్లో ట్యాంకరు రాకుండా కట్టడి. వీటిలో ఏ ఒక్కటీ బంకు యజమానికి నష్టం తెచ్చేది కాదు.

‘ఆడవాళ్ళు చెబితే ఎవరు వింటారు’ అంటారా? పక్కనున్న నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్ళు మొదలుపెట్టిన పోరాటమే రాష్ట్రమంతా పాకి, సారా పాటల్ని ఆపించింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. వాళ్ళలో చాలామందికి చదువు కూడా అంతంతమాత్రమే. వాళ్ళు అంత పెద్ద వ్యాపారాన్నే ఆపించగలిగితే, మనం ఆరడుగుల నడకదారి అడగలేమా?

బంకులో ప్రతి చుక్కకీ మీటరు తిరుగుతుంది. దాని ముందు నడిచే ప్రాణాల లెక్క మనమే చెప్పాలి.